యాభై చదరపు అడుగుల లెక్క

ప్రభుత్వ మార్గదర్శకాలను పనితనం కోసం చదివేవాళ్లు తక్కువ. అలా చదవదగ్గది ఒకటుంది. ఇల్లూ వాకిలీ లేక పట్టణాల్లో బతుకుతున్నవాళ్ల కోసం రాసింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో 'పట్టణ నిరాశ్రయులకు వసతి' అనే భాగం అది. మన రాష్ట్రంలో దాన్ని నడిపించింది పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా, మున్సిపాలిటీలు. అందులోని ఒక్కో కొలత వెనక ఒక్కో మనిషి కనిపిస్తాడు. రాసినవాళ్లు రాత్రిపూట ఫుట్‌పాత్ పక్కన నిలబడి చూసి ఉంటారనిపిస్తుంది.

మూలపేటలాంటి సముద్రపు ఒడ్డు ఊరికి దీంతో పనేమిటని అడగొచ్చు. పని ఉంది. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో ఊరూరా వలసపోయినవాళ్లున్నారు. విశాఖలో, హైదరాబాద్‌లో, చెన్నైలో కట్టుబడి పనులకు వెళ్లినవాళ్లు కొందరైతే, గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి బోట్లెక్కినవాళ్లు మరికొందరు. పేరుకు ఊళ్లో ఇల్లుంటుంది. పట్నంలో మాత్రం ఏ రాత్రికా రాత్రి చోటు వెతుక్కోవాలి. జబ్బు మనిషిని విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో చేర్చి, మందులకూ తిండికీ డబ్బు సరిపెట్టుకుంటూ వరండాలోనో చెట్టుకిందో పడుకోవడం కిడ్నీ జబ్బు తగిలిన ఉద్దానం కుటుంబాలకు కొత్త కాదు.

ఈ పత్రానికి మూలం ఒక కోర్టు కేసు. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డు దగ్గర నిరాశ్రయుల గుడారాన్ని తీసేశారు. సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి.సక్సేనా, హర్ష్ మందర్ 2010 జనవరిలో ఆ సంగతి చెబుతూ కోర్టుకు లేఖ రాశారు. అప్పటికి నడుస్తున్నది 2001లో వేసిన ఆహార హక్కు కేసు. అన్నం గురించి మొదలైన వాదనలోకి అలా గూడు కూడా వచ్చి చేరింది. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకూ ఒక వసతి కేంద్రం ఉండాలనీ, అది చలికాలానికే పరిమితం కాకుండా ఏడాదంతా, రాత్రింబవళ్లు తెరిచి ఉండాలనీ కోర్టు చెప్పింది. మిషన్ మార్గదర్శకాలు రాసినవాళ్లు దాన్నే పునాదిగా తీసుకున్నారు.

ఇక కొలతల దగ్గరికి వద్దాం. మనిషికి యాభై చదరపు అడుగులు ఉండాలన్నారు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మంచం వేస్తే పద్దెనిమిది అడుగులు పోతాయి. మిగిలిన ముప్పై రెండులో సంచి పెట్టుకోవాలి, పక్కవాడిని తొక్కకుండా రాత్రి లేచి బయటికి నడవాలి, వంటకూ కూర్చోవడానికీ ఉమ్మడి జాగాలో తన వాటా కూడా తేలాలి. ఉదారమైన కొలతేమీ కాదు. అయినా కాగితం మీద ఆ అంకె వేసేయడంతో హాలు పొడవునా చాపలు పరిచి వందమందిని కుక్కేసి 'వసతి కల్పించాం' అనే వీలు పోయింది. ఒక్కో కేంద్రంలో యాభై నుంచి వంద మంది దాకా ఉండొచ్చన్నారు కాబట్టి యాభై మందికైతే రెండున్నర వేల చదరపు అడుగులు చూపించి తీరాలి. పైన ఒక పరిమితి పెట్టడం కూడా నాకు నచ్చింది. మందలు మందలుగా మనుషుల్ని చేర్చితే పేరు పెట్టి పిలిచేవాడు మిగలడు.

తర్వాత సిబ్బంది లెక్క. ఒక మేనేజరు, ఎనిమిదేసి గంటల చొప్పున మారే ముగ్గురు కేర్‌టేకర్లు. చూడ్డానికి మామూలు డ్యూటీ చార్టు. కానీ రాత్రంతా లారీలు దించి తెల్లారి పడుకునే హమాలీని తలుచుకోండి. తెల్లారగానే అందర్నీ బయటికి పంపి గొళ్లెం పెట్టేసే చోటు అతనికి ఏ పనికీ రాదు. మూడో కేర్‌టేకరు ఉంటేనే పగటి నిద్ర దక్కుతుంది. జ్వరమొచ్చి పనికి పోలేని రోజున పడుకునే హక్కూ ఆ మూడో మనిషి జీతంలోనే ఉంది.

కేంద్రాలు ఎక్కడ కట్టాలనే చోట ఈ పనితనం బాగా తెలుస్తుంది. నిరాశ్రయులు ఎక్కువగా ఉండే చోటికీ, పని దొరికే చోటికీ వీలైనంత దగ్గరగా ఉండాలని రాశారు. రైల్వేస్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్లు, కూలీల అడ్డాలు అలాంటివే. మన దగ్గర పేదల ఇళ్లకు సంబంధించిన ప్రణాళికలు చాలావరకు ప్రభుత్వ భూమి ఎక్కడ ఖాళీగా ఉందో అక్కడి నుంచి మొదలవుతాయి. ఇది కూలి ఎక్కడ దొరుకుతుందో అక్కడి నుంచి మొదలైంది. రిక్షా తొక్కేవాడు పది కిలోమీటర్ల అవతల ఉన్న మంచి మంచం కోసం పోడు, అడ్డా పక్కనే అరుగు మీద పడుకుంటాడు. ఆ సంగతి తెలిసినవాళ్లే ఈ వాక్యం రాయగలరు. కొత్తగా కట్టడం తప్పనిసరి చేయకుండా, ఉన్న ప్రభుత్వ భవనాల్ని బాగుచేసి వాడుకోవచ్చన్న వెసులుబాటు కూడా అందుకే ఇచ్చారు. ఊరి నడిబొడ్డున ఖాళీ స్థలం దొరక్కపోయినా పాత భవనం దొరుకుతుంది.

మగవాళ్లకు, ఆడవాళ్లకు, కుటుంబాలకు వేరువేరు కేంద్రాలు చెప్పి, చూసుకునేవాళ్లు లేని వృద్ధులకూ, మానసిక వ్యాధిగ్రస్తులకూ, కోలుకుంటున్న రోగులకూ వారి కుటుంబాలకూ ప్రత్యేక వసతి చేర్చారు. నా దృష్టిలో ఈ పత్రం మొత్తంలో గొప్ప వాక్యం ఈ చివరిదే. ఆసుపత్రి డిశ్చార్జి చేసినా ఇంటికి పోయే ఓపికలేని మనిషి ఉంటాడని, అతని భార్య ఎక్కడో ఒకచోట తల వాల్చాలని ఒక ప్రభుత్వ పత్రం గుర్తించింది. దానితోపాటు వసతిలో ఉన్నవాళ్లకు గుర్తింపు కార్డు, రేషన్, పింఛను, బ్యాంకు ఖాతా అందేలా చూడమంది. చిరునామా లేనివాడికి కార్డు రాదు, కార్డు లేనివాడికి మిగతావేవీ రావు. ముడి ఎక్కడ పడిందో కనిపెట్టి అక్కడే విప్పారు.

మా తీరంలో ఇలాంటి ఆలోచనతో కట్టినవి ఇంకో రకం కట్టడాలున్నాయి. అవి తుఫాను షెల్టర్లు. స్తంభాల మీద లేపిన గచ్చు కింద నుంచి ఉప్పెన నీళ్లు పోతాయి. పైన ఊరు కూర్చుంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరినీ జీడినీ వేళ్లతో పెకలించేసినప్పుడు గట్టి కప్పు విలువ ఉద్దానంలో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. తుఫాను లేని రోజుల్లో వాటిని బడిగానో, ఊరి సమావేశాలకో వాడాలన్నది కూడా ప్రణాళికలో భాగమే. ఏళ్ల తరబడి తాళం వేసి ఉంచితే అవసరమైన రాత్రికి తలుపు తుప్పుపట్టి ఉంటుంది, మరుగుదొడ్డి పనిచేయదు. రోజూ వాడుతుంటేనే భవనం బాగుంటుంది.

పత్రంలో లోటు లేదనను. లక్ష జనాభాకు ఇన్ని అనే లెక్క సులువైనదే కానీ, నిరాశ్రయుల సంఖ్య జనాభాను బట్టి నడవదు. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి తిరుగుతూ లెక్కించినప్పుడు దేశం మొత్తంలో 17.73 లక్షల మంది ఇల్లు లేనివాళ్లు తేలారు. వాళ్లలో 8.34 లక్షల మంది పల్లెల్లో ఉన్నవాళ్లే. ఈ పథకం పట్టణాలదే. కేటాయించిన డబ్బు చాలా రాష్ట్రాల్లో సరిగ్గా ఖర్చే కాలేదని 2016లో సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ కైలాష్ గంభీర్ కమిటీ తేల్చింది. 2024 సెప్టెంబరుతో మిషన్ గడువూ ముగిసింది. అయినా కొలతలు ఎక్కడికీ పోలేదు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు.

పలాస మీద ఆ కొలతలు పెట్టి చూడండి. హౌరా–చెన్నై లైన్‌లో పెద్ద స్టేషను, కాశీబుగ్గ బస్టాండు, జీడిపప్పు బట్టీలు, 2023 డిసెంబరులో ప్రారంభమైన రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. 2011 లెక్కల్లో పలాస–కాశీబుగ్గ జనాభా అరవై వేల లోపే కాబట్టి లక్ష లెక్క ప్రకారం చూస్తే చిన్న ఊరు. రోగుల లెక్కన చూస్తే చిన్న ఊరు కాదు. డయాలసిస్‌కు కంచిలి, కవిటి, సోంపేట వైపు నుంచి తోడొచ్చిన ఆడమనిషికి ఆసుపత్రికి నడిచేంత దూరంలో యాభై అడుగుల చోటు కావాలి.

మూలపేటకైతే ఆ పట్టణ పథకం వర్తించేదే కాదు, పంచాయతీ కాబట్టి. 2023 ఏప్రిల్ 19న ఇక్కడ పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పోర్టుకు భూమినీ ఇళ్లనూ వదులుకున్న మూలపేట, విష్ణుచక్రం వాళ్లకు పునరావాస కాలనీ ప్రణాళికలో ఉంది. రేపు ఓడలొచ్చాక సరుకు దించడానికీ, లారీలు నడపడానికీ, వంటలకూ బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఏ కాలనీ లేదు. వాళ్లు ఉప్పుమడుల గట్ల మీదో, లారీల కిందో పడుకోవడం మొదలుపెట్టకముందే గేటుకు దగ్గరలో స్తంభాల మీద లేపిన ఒక కట్టడం కట్టొచ్చు. మనిషికి యాభై అడుగులు, ముగ్గురు కేర్‌టేకర్లు, ఆడవాళ్లకు వేరే గది, వంటకు గ్యాసు ఉండాలి. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి చుట్టుపక్కల ఊళ్లకూ అదే షెల్టరు. పోర్టు ప్లానులో దీనికి ఇప్పుడే జాగా గీసి పెట్టాలి. గోడౌన్లూ రోడ్లూ పూర్తయ్యాక గేటు దగ్గర స్థలం దొరకదు.