అప్పు అడిగేవాడు రాగం తీస్తాడా?

పోయిన ఆదివారం టీవీలో ‘శ్రీకృష్ణావతారం’ వస్తోంది. 1967 నాటి సినిమా. కౌరవ సభలో ఎన్టీ రామారావు లేచి నిలబడ్డాడు, ఘంటసాల గొంతు పద్యం ఎత్తుకుంది. నేను చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టేశాను. పక్కన కూర్చున్న మా మనవరాలు, పదకొండేళ్లది, సెల్లులోంచి తలెత్తింది.

“తాతయ్యా, యుద్ధం వచ్చేలా ఉంది కదా! ఈయన పాడతాడేంటి? చెప్పొచ్చుగా!”

నాకు నవ్వొచ్చింది. నలభై ఏళ్ల కిందట సరిగ్గా ఈ మాటే అని నాకు గడ్డిపెట్టినాయన ఒకరున్నారు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. కొత్తగా బ్యాంకు ఉద్యోగం. గొంతు బాగుందని నలుగురూ అంటే నిజమేననుకునే వయసు. తెనాలి దగ్గర మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో ‘సత్యహరిశ్చంద్ర’ వేద్దామన్నారు. హరిశ్చంద్రుడి వేషానికి పక్క ఊరి నుంచి చెయ్యి తిరిగిన నటుడొకాయన వస్తున్నాడు. నాకు దక్కింది నక్షత్రకుడు. విశ్వామిత్రుడి బాకీ వసూలు చెయ్యడానికి రాజుని కాశీదాకా నీడలా వెంటాడే శిష్యుడు. నేర్పడానికి ముసలి హార్మోనీ మేష్టారు ఒప్పుకున్నారు.

మొదటి రోజే పద్యం అందుకున్నాను. రెండో పాదం చివర నాకొచ్చిన సంగతులన్నీ కుమ్మరించాను. మేష్టారు హార్మోనీ ఆపేశారు.

“ఏవయ్యా, అప్పు అడిగేవాడు రాగం తీస్తాడా?”

“రాగం మీరే చెప్పారు గదండీ!”

“చెప్పాను. ముందు అప్పు అడుగు. అవతలివాడికి ఉన్న చోట నిలబడబుద్ధి కాకూడదు. అదయ్యాక నీ ఓపికున్నంత రాగం తియ్యి.”

ఆ తర్వాత వారం రోజులు ఆయన నన్ను రాగం ముట్టుకోనివ్వలేదు. పద్యాన్ని వచనంలాగా, పక్కింటివాణ్ణి నిలదీసినట్టు చెప్పించారు. పద్యానికి తాళం ఉండదు. పాటకైతే తబలా ఒక దారి వేసి పెడుతుంది, దాని మీద నడిస్తే చాలు. పద్యంలో నడకంతా పాడేవాడి చేతిలోనే. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. మత్తేభానికీ ఇరవయ్యే గాని యతి పద్నాలుగో అక్షరం. గణాల లెక్క కవి చూసుకున్నాడు. కానీ ఆయన మాట యతి దగ్గర ఆగదు, పాదం చివరా ఆగదు. సగం మాట ఈ పాదంలో, సగం పై పాదంలో ఉంటుంది. ఎక్కడ విరవాలి, ఎక్కడ ఊపిరి పీల్చాలి అన్నది అర్థాన్ని బట్టి నటుడే తేల్చుకోవాలి. “యతి దగ్గర విరిస్తే పంతులువి, అర్థం దగ్గర విరిస్తే నటుడివి” అనేవారు మేష్టారు. నాలుగు పాదాల్లోని మాటంతా జనానికి చేరాక, చివర అక్షరం పట్టుకుని రాగం తియ్యడం. ముందు అన్నం, తర్వాత తాంబూలం.

ఈ కళకు వయసు బాగానే ఉంది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాల్లో పాటా పద్యమూ నిలదొక్కుకున్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి కుటుంబం ‘కీచక వధ’తో మొదలుపెట్టింది. తాతలు, మనవలు, కోడళ్లు అందరూ వేషాలు కట్టే సురభి నాటకాలు ఆ ఊరి పేరుతోనే వెలిశాయి. తర్వాత తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాలు, 1912లో బలిజేపల్లి లక్ష్మీకాంత కవి ‘సత్యహరిశ్చంద్రీయం’. 1932లో మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చిందంటే, అదీ సురభి వాళ్లు ఆడిన నాటకమే. తెలుగు సినిమా నోరు విప్పడమే పాటతో విప్పింది. 1963లో ‘లవకుశ’కి బళ్లు కట్టుకుని పోయిన జనానికి సీతమ్మ కథ తెలియక కాదు.

ఇష్టమంతా అక్కడే ఉందనిపిస్తుంది నాకు. కథ తెలుసు, పద్యం కూడా కంఠతా వచ్చు. అక్షరం రానివాళ్లు సైతం పాండవ నాటకాల్లోని కృష్ణ రాయబారం పద్యాలు పొలం గట్టు మీద అందుకునేవాళ్లు. ఇంక నాటకానికి ఎందుకు పోవడం? ఈయన ఎలా అంటాడో విందామని. రాయబారంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగేవాళ్లు. కృష్ణుడు నిద్ర నటించే పడక సీనుకొకరు, సభకొకరు. షణ్ముఖి ఆంజనేయరాజు గొంతు వేరు, పీసపాటి నరసింహమూర్తి విరుపు వేరు. కృష్ణుడి మొహం మారిపోయిందేమిటని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. పోల్చుకోవడానికే టికెట్టు కొనేవాళ్లు. నచ్చితే వన్స్ మోర్, నచ్చకపోతే ఈల. చదివింపులు మైకులో పేరుపెట్టి వినిపించేవాళ్లు.

దీనికి ఎదురు చెప్పినవాళ్లు లేకపోలేదు. వృత్తిరీత్యా ప్లీడరూ, మహానటుడూ అయిన బళ్లారి రాఘవకి ఈ పద్యాల వెల్లువ గిట్టలేదు. నాటకమంటే మాట, సహజమైన నటన అని గట్టిగా పట్టుబట్టాడాయన. కాదనలేం. రాగాలాపన పందెంలా మారి, నటుడూ హార్మోనిస్టూ ఒకరినొకరు తరుముకుంటుంటే కథ పందిరి బయట బీడీ కాల్చుకుంటూ కూర్చున్న రాత్రులు నేనూ చూశాను. మా నాటకంలోనే కాటి సీనులో హరిశ్చంద్రుడి భార్య చంద్రమతికి మూడుసార్లు వన్స్ మోర్ కొట్టారు. మూడోసారికి, పాము కరిచి చచ్చిపడి ఉన్న కొడుకు లోహితాస్యుడు చెంప మీద దోమని చటుక్కున కొట్టుకున్నాడు. పందిరంతా గొల్లుమంది.

ఘంటసాల గొప్పతనం నాకు అప్పుడు అర్థమైంది. నాటకాల మీద పెరిగిన మనిషే. మైకుల్లేని రోజుల్లో చివరి వరసదాకా వినబడాలంటే పై శ్రుతిలో గొంతు చించుకోక తప్పేది కాదు. సినిమాలో మైకు నోటి ముందుకొచ్చింది. ఆయన ఆలాపన తగ్గించి, మాటని ముందుకు తెచ్చాడు. పద్యంలో కోపం, వెటకారం, బుజ్జగింపు విడివిడిగా వినబడేట్టు చేశాడు. మా మేష్టారు నాకు వారం రోజులు చెప్పిన పాఠం ఆయన పాడిన ఏ పద్యంలోనైనా రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

అయినా మనవరాలి ప్రశ్న మిగిలే ఉంది. చెప్పొచ్చుగా, పాడటం ఎందుకు?

“నీకు నాలుగేళ్లప్పుడు తీర్థంలో బొమ్మ పోయింది గుర్తుందా?” అన్నాను. “మీ అమ్మ ఏమని కసిరింది?”

“ఏంటా రాగాలు, ఆపు అంది.”

“మరి నువ్వు పాడావా, ఏడ్చావా?”

అది కాసేపు ఆలోచించి, “ఏడ్చాను” అంది.

మన భాషే ఈ సంగతి కనిపెట్టి ఉంచింది. ఏడుపుని రాగాలు తియ్యడం అంటాం. చావింట్లో ఆడవాళ్లు పోయినవాళ్ల మంచిచెడ్డలు తలచుకుంటూ శోకాలు పెడుతుంటే వినండి, ప్రతి మాట చివరా ఒక సాగదీత ఉంటుంది. ఎవరూ నేర్పింది కాదు. మాటలో ఇమడనిది మీద పడ్డప్పుడు గొంతు దానంతటదే సాగుతుంది. పద్యనాటకం ఆ సాగినచోటు పట్టుకుని కట్టిన ఇల్లు. రాఘవగారికి ఎదురు చెప్పేంతవాణ్ణి కాను గాని, మనం మామూలుగా మాట్లాడే మాటలే సహజం, ఇది కాదు అంటే మాత్రం ఒప్పుకోలేను.

కాటి సీనులో హరిశ్చంద్రుడి నోట జనం ఎదురుచూసే పద్యాలు చాలావరకు బలిజేపల్లివి కావు, గుర్రం జాషువావి. శ్మశానంలో రాజూ పేదా ఒక్కటేనని చెప్పే ‘శ్మశానవాటి’ పద్యాలు. నాటకం వచ్చిన నాటికి జాషువాకి పదిహేడేళ్లు. ఆ తర్వాతెప్పుడో నటులు వాటిని తెచ్చి అక్కడ పెట్టుకున్నారు. ఊళ్లో అడుగడుగునా అంటరానితనం చవిచూసిన కవి మాటల్ని, వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయిన చక్రవర్తి పాడతాడు. అతుకు ఎక్కడుందో ఎవరికీ కనబడదు. రాత్రి రెండింటికి, చలికి కండువాలు బిగించుకుని, అగ్రహారం వాళ్లూ పల్లె వాళ్లూ అదే పందిట్లో అది వినేవాళ్లు. కూర్చునే చోట్లు మాత్రం వేరుగానే ఉండేవనుకోండి. పాట అన్నీ కలిపేస్తుందని నేననను. పద్యం వరకు మాత్రం అందరూ వినేవాళ్లు.

నా నక్షత్రకుడి సంగతి చెప్పలేదు కదూ. ఆ రాత్రి వణుకుతూనే దిగాను. మేష్టారు కళ్లతోనే ఆగమంటున్నారు, సాగమంటున్నారు. మూడు పాదాలు నిలదీస్తూ చెప్పి, నాలుగో పాదం చివర కొంచెమే, గోటితో గీరినట్టు, రాగం తీశాను. వన్స్ మోర్ రాలేదు. ముందు వరసలోంచి ఓ ముసలి రైతు లేచి, నా వంక కాదు, హరిశ్చంద్రుడి వంక చూస్తూ అరిచాడు: “ఇచ్చెయ్యవయ్యా బాబూ, పీడా వదుల్తుంది!”

మేష్టారు హార్మోనీ మీదికి వంగి నవ్వు దాచుకున్నారు. నాకు వచ్చిన మెప్పుల్లో అంతకంటే పెద్దది ఇంకోటి లేదు.

ఇప్పుడు తెల్లవార్లూ నాటకం ఆడేవాళ్లూ తక్కువే, చూసేవాళ్లూ తక్కువే. పడక సీను ఒకటి, కాటి సీను ఒకటి బిట్లుగా వేసి పదకొండింటికల్లా తెర దించేస్తున్నారు. అదైనా మంచిదే. మీ దగ్గర్లో నవమి పందిట్లోనో తిరునాళ్లలోనో అలాంటిది పడితే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. సెల్లులో రికార్డు చెయ్యడం కాసేపు మానేసి, నాలుగో పాదం దాకా ఆగండి. నచ్చితే మొహమాటం లేకుండా వన్స్ మోర్ అనండి. అనేముందు ఒక్కసారి లోహితాస్యుడి వేషం కట్టిన పిల్లాడి చుట్టూ దోమలున్నాయేమో చూసుకోండి.