దీపం చేసే చప్పుడు

గూడూరు జంక్షన్లో రాత్రి అన్నది పేరుకే. చెన్నై–విజయవాడ మెయిన్ లైన్ నుంచి రేణిగుంట వైపు దారి చీలేది ఇక్కడే. ఎక్స్‌ప్రెస్‌లు సద్దుమణిగాయనుకునేలోగా గూడ్సు బండ్లు మొదలవుతాయి. ఇలాంటి ఊళ్లో ఇంట్లోని ఓ గదిని స్టూడియోగా మార్చుకోవాలనుకునేవాళ్లు గోడలకు మందపాటి దుప్పట్లు కడతారు, కిటికీ సందుల్లో రబ్బరు బీడింగు కుక్కుతారు, అర్ధరాత్రి దాటేదాకా కాచుకుని రెండు బండ్ల నడుమ దొరికిన ఖాళీలో గొంతు విప్పుతారు. ఇంతా చేసి నెత్తి మీద వెలుగుతున్న ట్యూబులైటును మరిచిపోతారు. తెల్లారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పాట వెనక జుయ్‌మని సన్నగా వినిపించేది చాలాసార్లు ఆ లైటే.

రైలుకు జడిసి రాత్రిళ్లు పని చేయడం మన సినిమాకు పాత అలవాటు. 1931 మార్చి 14న విడుదలైన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ను బొంబాయిలో రైలు పట్టాల పక్కనున్న స్టూడియోలో తీశారు. బండ్ల రొద తగ్గే వేళ చూసుకుని, ఎక్కువగా రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా షూటింగు జరిపారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 6న వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎం. రెడ్డి తీసిందీ ఆ బొంబాయిలోనే.

అంతకు కొద్దికాలం ముందు హాలీవుడ్‌కు దీపాలతోనే చిక్కొచ్చింది. మూకీల రోజుల్లో పెద్ద వెలుగు కావాలంటే కార్బన్ ఆర్క్ దీపమే దిక్కు. రెండు బొగ్గు కడ్డీల మధ్య మెరుపు మండే ఆ దీపం బుస కొడుతుంది, ఈల వేస్తుంది. మాట లేని సినిమాలో ఆ గోల ఎవరికీ పట్టలేదు. మైకు వచ్చాక భరించలేకపోయారు. 1928లో వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో వారాల తరబడి పరీక్షలు జరిపాక పరిశ్రమ ఫిలమెంటు బల్బుల వైపు మళ్లింది. కొత్తగా వచ్చిన పాంక్రోమాటిక్ ఫిల్ముకు ఆ కాంతి బాగా పొసగడం ఒక కారణం. అవి నోరు మెదపకుండా వెలగడం రెండోది. అయితే తలుపులు బిగించిన ఫ్లోర్లలో వాటి వేడికి నటులు చెమటతో తడిసి ముద్దయ్యారు. నిశ్శబ్దం, వేడి, వెలుగు: ఆనాటి ఈ ముక్కోణపు తగవే ఇవాళ పదడుగుల గదిలోనూ తీర్చుకోవాల్సి వస్తోంది.

పాత ట్యూబులైటుకు ఇనుప చోకు ఉంటుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. దానికి చోకులోని రేకులు సెకనుకు నూరుసార్లు అదురుతాయి. ఒకటో శ్రుతిలో పాడే మగగొంతుకు మంద్ర పంచమం సుమారు 98 హెర్ట్జ్. చోకు పలికే 100 హెర్ట్జ్ సరిగ్గా దాని పక్కన నిలబడి పోట్లాడుతుంది. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో ఆ చప్పుడును కోసేయబోతే గొంతులోని నిండుతనం కూడా కొంత తెగిపోతుంది. అందుకే ఈ జబ్బుకు మందు రికార్డింగుకు ముందే వేయాలి.

ఎల్‌ఈడీ పెట్టేస్తే సరిపోతుందా? చాలావరకు సరిపోతుంది, కానీ అన్నీ ఒక్కటి కావు. ఎల్‌ఈడీ బల్బు కడుపులో చిన్న డ్రైవరు సర్క్యూటు ఉంటుంది. అది సెకనుకు వేల సార్లు ఆపుతూ వదులుతూ కరెంటును మలుస్తుంది. నాసిరకం బల్బుల్లో ఆ అలజడి వైర్ల గుండా పాకి గిటారు పికప్‌లోకో, సరిగా కవచం లేని మైకు కేబుల్లోకో దూరుతుంది. డిమ్మరు ఇంకా మొండిది. మామూలు డిమ్మరు కరెంటు అలను ప్రతిసారీ మధ్యలో నరికి వెలుగు తగ్గిస్తుంది. ఆ నరికిన అంచే స్పీకర్లో బరబరమంటుంది. వెలుగు తగ్గించుకోవాలంటే డిమ్మరు జోలికి పోకుండా నాలుగు చిన్న దీపాలకు నాలుగు స్విచ్చులు పెట్టించుకోవడం మేలు. 12 వోల్టుల స్ట్రిప్ లైటు వాడేవాళ్లు దాని అడాప్టరును గది బయటే ఉంచితే ఇంకా మంచిది.

కొనేముందు పరీక్ష ఖర్చు లేనిది. మైకును రికార్డింగుకు పెట్టినట్టే పెట్టి, గెయిన్ అంతే ఉంచి, ఒక్కొక్క స్విచ్చూ వేస్తూ అర నిమిషం చొప్పున ఖాళీ గదిని రికార్డు చేసి వినాలి. ఏ దీపాన్నైనా ముందు చెవే ఒప్పుకోవాలి, ఆ తర్వాతే కన్ను.

గూడూరు వాళ్లకు రికార్డింగు సంగతిలో పుట్టింటి హక్కు కూడా ఉంది. సైదాపురం, రాపూరు వైపు గనుల్లో దొరికే ఆకుపచ్చ ఛాయ అభ్రకం విద్యుత్తును ఆపే పొరగా దేశదేశాలకు వెళ్లింది. పాతకాలపు వాల్వు మైకులు, ఆంప్లిఫయర్ల గాజు గొట్టాల్లో లోపలి రేకులను కదలకుండా పట్టి ఉంచేవి అభ్రకపు బిళ్లలే. చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుకేమో గాజు పరిశ్రమకు పోతుంది.

అయినా ఈ తీరంలో పుట్టిన గొంతు రికార్డు కావాలంటే ఒకప్పుడు మద్రాసు బండెక్కాల్సిందే. నెల్లూరుకు చెందిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 1966 డిసెంబరు 15న ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’కు తొలిపాట పాడింది అక్కడే. ఆ అవకాశమిచ్చిన సంగీత దర్శకుడు కోదండపాణి పేరుతో తర్వాత స్టూడియో పెట్టిందీ అక్కడే. ఏ భాషలో పాడినా సాహిత్యాన్ని తన చేత్తో తెలుగు లిపిలో రాసుకోవడం బాలు అలవాటు. ఆ కాగితాన్ని తలచుకున్నప్పుడే ఇంటి స్టూడియోల్లో మరో లోపం కళ్లకు కడుతుంది. రంగురంగుల స్ట్రిప్పులు గోడ నిండా ఉంటాయి, పాడేవాడి కాగితం మాత్రం చీకట్లో ఉంటుంది. మన లిపిలో వత్తు కనబడకపోతే మాట మారిపోతుంది. ఈ వ్యాసకర్త లెక్కలో దీపాల ఖర్చులో మొదటి రూపాయి ఆ కాగితానికే చెందాలి. తల నీడ పడకుండా పక్కనుంచి, కాస్త పైనుంచి, 4000 కెల్విన్ దగ్గరి తెల్లని వెలుగు పడితే అక్షరం తేటగా కనిపిస్తుంది. మిగతా గదికి 2700 కెల్విన్ పసుపు కాంతి హాయిగా ఉంటుంది. టేకు నడుస్తున్నంతసేపూ ఫ్యాను, ఏసీ ఆపేయాలి కాబట్టి నెల్లూరు ఎండల్లో ఫిలమెంటు బల్బు జోలికి పోనక్కర్లేదు. 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది.

పాటతో పాటు వీడియో కూడా తీసేవాళ్లు కెమెరా షట్టరును 50వ వంతు లేదా 100వ వంతు సెకనుకు పెట్టుకుంటే దీపాల మినుకు తెరమీద చారలుగా పడదు.

ఇక మిగిలింది తలుపు బయటి దీపం. రేడియో స్టూడియోల గుమ్మం మీద ఎర్ర లైటు వెలిగితే ఎంత పెద్ద అధికారైనా తలుపు తీయడు. ఇంట్లో ఆ పని ఒక ఎర్ర జీరో బల్బు చేస్తుంది. అది వెలిగిందంటే మిక్సీ వేయకూడదని, కుక్కరు దించాలని అమ్మకూ అత్తకూ ఓసారి చెప్పి ఉంచాలి. దాని స్విచ్చు మైకు ముందు కూర్చున్న మనిషి చేతికందేలా లోపలే ఉండాలి. టేకు అయిన వెంటనే ఆర్పేయాలి, వంటింట్లో పచ్చడి ఆగి ఉంటుంది.