తక్కువ సౌండ్‌లో తేలే తేడా

ఇంట్లో యాంప్లిఫయర్ కట్టుకునేవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ గురించీ హీట్‌సింక్ గురించీ వారాల తరబడి ఆలోచిస్తారు. వాల్యూమ్ కంట్రోల్ దగ్గరికి వచ్చేసరికి కోఠీ గుజరాతీ గల్లీలో చేతికందిన డబుల్ పాట్ (పొటెన్షియోమీటర్) తెచ్చి బిగించేస్తారు. రోజూ చెయ్యి పడేది మాత్రం దాని మీదే, పాటంతా నడిచేదీ దాని గుండానే. దుకాణంలో దొరికే మామూలు కార్బన్ పాట్, జపాన్‌కు చెందిన ఆల్ప్స్ వారి నీలిరంగు ఆర్‌కె27, 24 మెట్ల స్టెప్ అటెన్యుయేటర్: ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. చూడవలసిన చోటు నాబ్ మొదటి పావు తిరుగుడు. ఇంట్లో అందరూ పడుకున్నాక పాట వినేది అక్కడే, పాట్ నాణ్యత బయటపడేదీ అక్కడే.

పాట్ మీద ఎ50కె అని ఉంటే లాగ్, బి50కె అంటే లీనియర్. చెవి శబ్దాన్ని నిష్పత్తుల్లో అందుకుంటుంది కనుక వాల్యూమ్‌కి లాగ్ కావాలి. లీనియర్ పెడితే నాబ్ కొంచెం కదిలించగానే సౌండ్ దాదాపు అంతా వచ్చేస్తుంది, మిగతా తిరుగుడు దండగ. అయితే చవక లాగ్ పాట్‌లో అసలైన లాగ్ వంపు ఉండదు. రెండు రకాల కార్బన్ పూతల్ని కలిపి వంపులా అనిపిస్తారు. ఆ రెండు పూతలు కలిసే చోటు ఎడమ ఛానెల్‌లో ఒక దగ్గర, కుడి ఛానెల్‌లో కాస్త పక్కన పడుతుంది. అందుకే సౌండ్ బాగా తగ్గించినప్పుడు రెండు ఛానెళ్ల మధ్య మూడు నాలుగు డెసిబెళ్ల తేడా రావడం వింతేమీ కాదు.

దీన్ని పట్టుకోవడానికి 1950ల నాటి ఘంటసాల పాటను మించిన పరికరం లేదు. అవి మోనో రికార్డింగులు, రెండు స్పీకర్లకూ వెళ్లేది ఒకే సిగ్నల్. గొంతు సరిగ్గా నడుమ నిలబడాలి. పెద్ద సౌండ్‌లో నడుమ ఉన్న గొంతు, నాబ్ తగ్గిస్తుంటే ఒక పక్కకు జరిగిపోయిందంటే తప్పు పాట్‌దే. ఆ గొంతు నడుమ నుంచి తప్పుకోవడాన్ని నేను చిన్న లోపంగా చూడలేను.

ఆర్‌కె27లో ఈ జారుడు చాలా తగ్గుతుంది. రెండు ట్రాకుల జత కుదురుగా ఉంటుంది, నాబ్ తిప్పడంలో మెత్తని బరువు ఉంటుంది. కానీ అదీ ఒక పాట్ మాత్రమే. అట్టడుగున కొంత తేడా మిగులుతుంది. పైగా ఆ నీలి డబ్బాకు నకిలీలు విస్తారం. కొనేముందు మల్టీమీటర్‌తో వైపర్ నుంచి గ్రౌండ్ కాలికి రెండు ఛానెళ్లలోనూ ఓమ్స్ కొలవండి, నాబ్ ఎనిమిది గంటల దగ్గరొకసారి, తొమ్మిది గంటల దగ్గరొకసారి. పన్నెండు శాతం తేడా ఉంటే ఒక డెసిబెల్, ఇరవై ఆరు శాతం ఉంటే రెండు. రెండు దాటినదాన్ని, డబ్బా మీద ఎవరి పేరున్నా, నేను తీసుకోను.

స్టెప్ అటెన్యుయేటర్‌లో ట్రాకే లేదు. రోటరీ స్విచ్‌కి ఒక శాతం రెసిస్టర్లు వరసగా కడతారు. ఛానెళ్ల తేడా మామూలుగా 0.2 డెసిబెల్ దాటదు. గొంతు నడుమ నుంచి కదలదు. ఈ ఒక్క విషయంలో దానికి సాటి లేదు. దాని బలహీనత వేరేచోట ఉంది. మెట్టుకు రెండు డెసిబెళ్ల చొప్పున 23 మెట్లెక్కితే వచ్చేది 46 డెసిబెళ్లే. కింద చాలక, అడుగు మెట్లను పెద్దవి చేస్తారు. సరిగ్గా రాత్రి వినే చోట ఒక మెట్టు ఎక్కువవుతుంది, దాని కింది మెట్టు చాలదు. స్విచ్ కూడా పాత కాంటాక్టును వదలకముందే కొత్తదాన్ని తాకే రకం కావాలి, లేకుంటే మెట్టు మెట్టుకీ స్పీకర్‌లో టప్ మంటుంది.

కానీ ఏది కొన్నా ముందు చూడవలసింది యాంప్లిఫయర్ గెయిన్. ఎల్ఎం3886 చిప్‌తో కట్టే బోర్డుల్లో గెయిన్ తరచు 21 రెట్లుంటుంది. సీడీ ప్లేయర్ ఇచ్చేది 2 వోల్టులు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 50 వాట్లంటే 20 వోల్టులు, అది 0.95 వోల్ట్ ఇన్‌పుట్‌కే వచ్చేస్తుంది. ఇక నాబ్ ఎప్పుడూ అడుగునే, పాట్ అన్నిటికన్నా అధ్వానంగా ఉండే చోటే తిరుగుతుంది. ఆ చిప్ 10 రెట్ల గెయిన్ దగ్గర కూడా నిలకడగా పనిచేస్తుంది. రెండు రెసిస్టర్లు మారిస్తే ఆరు డెసిబెళ్లకు పైగా కలిసొచ్చి నాబ్ పైకి జరుగుతుంది, మామూలు పాట్ కూడా మర్యాదగా నడుస్తుంది.

విలువ విషయంలో పాత అలవాటు 100కె. వాల్వ్ ప్రీయాంప్‌కి అది సరే. ఫోనుకీ డాక్‌కీ 10కె మేలు. పాట్ నిరోధకత నడుమ వైపర్ ఉన్నప్పుడు 100కె పాట్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 25కె. దాని తర్వాత 300 పికోఫారడ్ల వైరు పడితే 21 కిలోహెర్ట్జ్ దగ్గరే మూడు డెసిబెళ్లు పోతాయి. 10కెలో అదే హద్దు 200 కిలోహెర్ట్జ్ దాటిపోతుంది, హిస్ కూడా తగ్గుతుంది.

డబ్బు తక్కువైతే 100కె లీనియర్ డబుల్ పాట్ తీసుకుని, ప్రతి వైపర్ నుంచి గ్రౌండ్‌కి 10కె రెసిస్టర్ పెట్టవచ్చు. నాబ్ సగంలో సౌండ్ దాదాపు 17 డెసిబెళ్లు తగ్గుతుంది, అసలైన లాగ్ పాట్ ఇచ్చేదీ దాదాపు అంతే. ఫుల్‌లో మాత్రం సోర్స్‌కి కనిపించే లోడ్ 9కెకి పడిపోతుంది. చవక లాగ్ పాట్ కన్నా దీన్నే ఎంచుకుంటాను.

గెయిన్ సరిచేసుకున్నాక నా ఓటు 10కె ఆర్‌కె27కే. హెడ్‌ఫోన్ యాంప్‌కి మాత్రం స్టెప్ అటెన్యుయేటర్; అక్కడ అర డెసిబెల్ వాలు కూడా చెవికి తెలుస్తుంది. ఏది బిగించినా వైపర్ తర్వాత కపాసిటర్ ఒకటి, దాని అవతల గ్రౌండ్‌కి రెసిస్టర్ ఒకటి మరవకండి. ఎన్ఇ5532 లాంటి చిప్ బయాస్ కరెంట్ వైపర్ గుండా పారిందంటే కొత్త పాట్ కూడా గరగరమంటుంది.