‘మేరీ బార్టన్’ నవలయందలి క్షమాఘట్టము

ఎలిజబెత్ గాస్కెల్ రచించిన ‘మేరీ బార్టన్’ అను నవల 1848వ సంవత్సరమున, కర్త్రి పేరు లేకయే, లండనులో రెండు సంపుటములుగాఁ బ్రకటింపఁబడెను. మాంచెష్టరు నగరమున ప్రత్తిమిల్లు పనివాఁడొకఁడు మిల్లు యజమాని కుమారుని తుపాకితోఁ గాల్చి చంపుటయు, కొడుకును గోలుపోయిన యా యజమాని తుదకు హంతకుని క్షమించుటయు నీ కథకు సారము. తక్కిన భాగములను మెచ్చుకొనువారు సైతము ఈ క్షమాఘట్టమును జూచి ముఖము చిట్లించుచుందురు. నగరమంతయు నాఁకటితో నలమటించుచుండఁగా రచయిత్రి యొక గదిలో నిద్దఱు ముసలివారిచేతఁ గన్నీరు కార్పించి కథ ముగించెననియు, కూలిప్రశ్నకుఁ బ్రార్థన సమాధానము కాఁజాలదనియు వారి యాక్షేపము. ఈ యాక్షేపము తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు. కాని యా ఘట్టమునకు ముందు గ్రంథమునందు బైబిలు మాటలు ఎవరి నోట వినఁబడినవో పరికింపక చేయు తీర్పు సగము తీర్పే యగును.

కథలోని ప్రధానసంఘటనలు జరుగునది 1839 నాఁటికి ముందు వెనుకల యేండ్లలో. గుడ్డకు గిరాకి పడిపోయెను. మిల్లులు కొన్ని మూఁతపడెను, కొన్ని సగము ప్రొద్దు మాత్రమే నడచుచుండెను. 1839లో చార్టిస్టులు లక్షలాది సంతకములతోఁ గొనిపోయిన విన్నపమును పార్లమెంటు వినుటకైన నొప్పుకొనలేదు. కథానాయకుఁడగు జాన్ బార్టన్ ఆ విన్నపముతో లండనునకుఁ బోయినవారిలో నొకఁడు. పోయినప్పటి యాస తిరిగివచ్చినప్పు డతనియందు లేదు. రచయిత్రి యిదంతయు దూరమునుండి చూచి వ్రాసినది కాదు. ఆమె భర్త విలియం గాస్కెల్ 1828 మొదలుకొని మాంచెష్టరు క్రాస్ వీథిలోని యూనిటేరియన్ ప్రార్థనామందిరమునకు బోధకుఁడు. ఆ మందిరమున ముందు బల్లలపైఁ గూర్చుండువారు మిల్లుదారులును, వర్తకులును. ఆమె యాదివారపు పాఠశాలలోఁ జదువు చెప్పినదియు, దర్శించి వచ్చినదియు పనివారి బిడ్డలను, వారి యిండ్లను. ఒక్క నగరమునందే యీ రెండు లోకములను నెఱిఁగిన రచయితలు నాఁ డరుదు. 1845లో పసికొడుకు జ్వరమున మరణింపఁగా, దుఃఖమును మఱపించుటకు భర్త ప్రోత్సహించిన మీఁదట నామె యీ రచనకుఁ బూనుకొనెను. తన కర్థశాస్త్రము తెలియదని పీఠికలోఁ జెప్పుకొన్నది. ఆ వినయమున గడుసుదనము కూడఁ గొంత లేకపోలేదు. లెక్కలతో వాదింపవచ్చువారి నోరు ముందే కట్టివేసి, కన్నులఁ జూచినదానిని జెప్పుటకు వీలు కల్పించుకొనెను. (ఆ మిల్లుల గుడ్డ సముద్రము దాఁటి వచ్చి తెలుఁగుతీరపు నేఁతవారి మగ్గములను మూలఁబెట్టిన సంగతి మాత్ర మీ గ్రంథమున నెందును గానరాదు. ఆమె చూపు మాంచెష్టరు పొలిమేర దాఁటలేదు.)

ఆ నగరమున దైవభక్తి యెట్టి స్థితిలో నున్నదో రచయిత్రి చెప్పఁదలఁచినదంతయు డావెన్‌పోర్టు మరణము వర్ణించిన యాఱవ యధ్యాయముననే యున్నది. కార్సను మిల్లు కాలిపోయెను. భీమా యుండుటచేతను, సరకునకు గిరాకి లేకుండుటచేతను యజమానులకు దానివలనఁ బెద్ద నష్టము తోఁపలేదు. వారికిఁ దీరికయే చిక్కెను. పని పోయినవారిలో నొకఁడగు డావెన్‌పోర్టు నేలమాళిగలో, వీథిమురుగు ఊటగా నెక్కుచున్న నేలపైఁ, జెమ్మగిలిన గడ్డిమీఁద జ్వరముతోఁ బడియున్నాఁడు. ప్రక్కను భార్య, బిడ్డలు. పొయ్యిలో నిప్పు లేదు. ఈ సంగతి విన్న జాన్ బార్టన్ తన మంచికోటును, పట్టురుమాలును దాకట్టుపెట్టి యైదు షిల్లింగులు సంపాదించి తిండియు బొగ్గును గొనిపోవును. తోడివాఁడగు విల్సను మఱునాఁ డుదయమున నాసుపత్రి చీటికై కార్సను నింటికిఁ బోవును. అచట వంటయింట మాంసము వేఁగుచున్నది, కాఫీ కాఁగుచున్నది. వచ్చినవాఁడు పరగడుపున నున్నాఁడన్న మాట చుట్టునున్నవారికిఁ దోఁపదు. లోపల యజమాని చిన్నకూఁతురు అరక్రౌను వెలగల గులాబిపువ్వునకై మారాము చేయుచున్నది. కార్సను తన మిల్లులో నేండ్లతరబడి పనిచేసిన డావెన్‌పోర్టు పేరే యెఱుఁగఁడు. ఆసుపత్రిలోఁ జేర్చుకొనుటకుఁ దగిన చీటి తనయొద్ద లేదని, సోమవారమునాఁడు పోయి చూపించుకొని వచ్చుటకు వేఱొక చీటి యిచ్చి పంపును. సోమవారము వఱకు డావెన్‌పోర్టు బ్రదుకలేదు.

ఈ ఘట్టమున గాస్కెల్ కార్సనును గ్రూరునిగాఁ జిత్రింపకపోవుట గమనింపఁదగినది. అతఁడు కసరుకొనలేదు, గెంటింపలేదు. అడిగినదానికి మాఱుగా నేదో యొకటి యిచ్చెను. అతని కొడుకు హారీ పోవుచుఁ బోవుచు విల్సను చేతిలో నైదు షిల్లింగులు పెట్టెను. బార్టన్ తన యొడలిమీఁది బట్టలను గుదువఁబెట్టి తెచ్చినదియు నైదు షిల్లింగులే. రచయిత్రి యీ రెండు మొత్తములను ప్రక్కప్రక్కన నుంచి వ్యాఖ్యానము చేయక యూరకున్నది. సువార్తలోని పేదవిధవ కాసుల కథ యెఱిఁగిన చదువరికి వ్యాఖ్యానముతోఁ బని లేదు.

ఇదే యధ్యాయమునఁ, గథకంతటికిని బీజమనఁదగిన సంభాషణమొకటి కలదు. డావెన్‌పోర్టు భార్యకు వ్రాసిన యుత్తరమున దేవుఁడు అందఱకుఁ దండ్రియనియు, ఆయన పంపినదానిని నోర్పుతో భరింపవలయుననియు నున్నదని విల్సను చెప్పును. అట్లైన దేవుఁడు యజమానులకును దండ్రియేనా యని బార్టన్ అడుగును. వారిని సోదరులుగాఁ జెప్పుకొనుట తన కిష్టము లేదనును. మొదటి యధ్యాయముననే యతఁడు ధనవంతుని కథను, వాని ద్వారమునఁ బడియున్న లాజరు కథను తలఁచుకొనును. కాఁగా గ్రంథారంభమున బైబిలు మాట పేదవారి నోటనే యున్నది. వారికది యింటిలోఁ జేసికొను ప్రార్థన మాత్రమే కాదు. నగరమునందు న్యాయాన్యాయములను గొలుచుటకు వారికిఁ గల యొకే యొక కొలబద్ద. వారు చదువని యర్థశాస్త్రము మిల్లుదారుల పక్షమున నున్నది. వారు వినిన సువార్త తమ పక్షమున నున్నదని వారి నమ్మకము. కార్సను నింటనున్న బైబిలు బంగారుపూఁతలు గలది, మిక్కిలి పెద్దది. చదువుట లేనందున దాని పుటలు బైండువాని యొత్తిడికి నంటుకొన్నవి యంటుకొన్నట్లే యున్నవి. ఈ సంగతి కథ తుదివఱకు బయటపడదు.

నడిమికథను సంగ్రహముగాఁ జెప్పిన చాలును. కూలితగ్గింపును గుఱించి సమ్మె జరిగెను. మాటలాడవచ్చిన పనివారి చిక్కిన ముఖములను, చిరిగిన బట్టలను హారీ కార్సను సభలో నెగతాళిబొమ్మగా గీసెను. ఆ కాగితమే పనివారి చేతఁ బడి, చింపఁబడి, వానిని జంపువాఁ డెవఁడో నిర్ణయించు చీటులయ్యెను. గుర్తుగల చీటి బార్టనునకు వచ్చెను. నేరము కూఁతురు మేరీని ప్రేమించిన జెమ్ విల్సనుమీఁదఁ బడుటయు, నామె యతనిని విడిపించుటకుఁ బడిన పాట్లును చదువుటకు రసవత్తరములే. కాని యా యధ్యాయములలో నగరము వెనుకకుఁ బోయి న్యాయస్థానము ముందుకు వచ్చినదనక తప్పదు.

ఇఁక క్షమాఘట్టము. మరణోన్ముఖుఁడైన బార్టన్ కార్సనును రప్పించి నేర మొప్పుకొనును. తన యెదుట నున్నది యజమాని కాఁడనియు, బిడ్డను గోలుపోయిన దిక్కులేని ముసలివాఁడనియు నప్పుడు మొదటిసారి యతనికిఁ గనఁబడును. బార్టనునకును బూర్వ మొక కొడుకు చనిపోయెను. పని లేక, బిడ్డకుఁ బెట్టుటకు బలమైన యాహారము లేక, యతఁ డంగడి ముందు నిలిచియుండఁగా యజమాని భార్య విందుసామగ్రి కొనుక్కొని బండి యెక్కిపోవుట చూచినవాఁడు. ఇంటికి వచ్చునప్పటికి బిడ్డ శవమై యుండెను. ఆ దుఃఖము కార్సను దుఃఖమును గుర్తుపట్టినది. కార్సను మాత్రము వెంటనే కరఁగలేదు. తన పాపములు క్షమింపఁబడకున్నను సరే, పగ తీర్చుకొందునని చెప్పి లేచిపోవును. దారిలో నొక మోటుకుఱ్ఱవాఁడు చిన్నపిల్లనుఁ బడఁద్రోయుటయు, దాది పోలీసువాని కప్పగింతునని బెదరింపఁగా నాపిల్ల వానికిఁ దెలియక చేసెనని యడ్డుపడుటయు జూచును. ఇంటికిఁ బోయి యంటుకొన్న పుటలను విప్పి రాత్రియంతయుఁ జదువును. తెల్లవాఱిన పిమ్మట బార్టను నింటికి వచ్చి, తన్నును బాపులలోఁ జేర్చుకొని ప్రార్థింపఁగా, బార్టన్ అతని చేతులలోనే ప్రాణము విడుచును. వారిని సోదరు లనుట కిష్టపడనివాని ప్రశ్నకు గ్రంథ మిచ్చిన జవాబిది.

తెలుఁగు చదువరికి పోతన భాగవతము ప్రథమస్కంధమున ద్రౌపది యశ్వత్థామను విడిపించిన ఘట్టము తప్పక స్ఫురించును. నిద్రించుచున్న తన కొడుకులనుఁ జంపినవానిని జూచి, వాని తల్లి తనవలెనే యేడువరాదని యామె కోరినది. అచ్చటను ఒక బిడ్డల దుఃఖము మఱియొకరి దుఃఖమును గుర్తుపట్టుటయే క్షమకు మూలము. అయినను భేదము గలదు. ద్రౌపది క్షమ పాండవులును, కృష్ణుఁడును జూచుచుండఁగా జరిగినది. క్షమించినంత మాత్రమున లెక్క తీఱిపోలేదు. అశ్వత్థామ శిరోమణి తీసికొనఁబడెను. గాస్కెల్ కథలో శిరోమణి యెవరినుండి తీసికొనవలయును? చచ్చిపోవుచున్న బార్టనునొద్ద నేమియు మిగులలేదు. మిగిలియున్నది కార్సను చేతిలోని మిల్లు.

విమర్శకు లిద్దఱి మాట లిచటఁ జెప్పవలసియున్నది. 1849లో ఎడింబరో రివ్యూలో విలియం గ్రెగ్, రచయిత్రి మిల్లుదారుల కన్యాయము చేసెననియు, పనివారి యిక్కట్లకు వారి యజాగ్రత్తయే కారణమనియు వ్రాసెను. అతఁడు మిల్లుదారుల కుటుంబమువాఁడు. గాస్కెల్ దంపతుల మతశాఖకుఁ జెందినవాఁడు. గ్రంథము తగులవలసినచోటనే తగిలినదనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు. 1958లో రేమండ్ విలియమ్స్ వేఱొక వైపునుండి విమర్శించెను. పనివానియెడల రచయిత్రికిఁ గల సానుభూతి హత్యతో వెనుకంజ వేసెననియు, ఆ హత్య మధ్యతరగతి వారి భయమునకు రూపమనియు నతని యభిప్రాయము. ఇందు సత్య మెక్కువ. గ్రంథమునకు మొదట ‘జాన్ బార్టన్’ అనియే పేరు పెట్టఁదలఁచినట్లు రచయిత్రియే చెప్పుకొన్నది. పేరు మాఱుటతో నేమి పోయినదో పైని జెప్పిన న్యాయస్థానపు టధ్యాయములే చూపుచున్నవి.

అయినను దోషము క్షమాఘట్టమునందు లేదు. దాని తరువాత నున్నది. కార్సను, జాబ్ లె, జెమ్ కలసి మాటలాడిన యధ్యాయమున జాబ్ యొక గట్టిమాట చెప్పును: పనివారిని నొప్పించునది యజమానులకు శక్తి లేకపోవుట కాదు, సహాయము చేయఁగోరికయే లేకపోవుట. ఈ మాటకు సమాధానముగాఁ గార్సను మిల్లు గేటు తెఱచి చూపవలసినది. రచయిత్రి యట్లు చేయలేదు. మాంచెష్టరులో నిపు డమలులో నున్న సంస్కరణములు కొన్ని యతని మాటలవలనఁ బుట్టినవని యొక పేరాలోఁ జెప్పి ముగించును. అరక్రౌను గులాబిని, తాకట్టుకోటును, నేలమాళిగలోని చెమ్మను గన్నులకుఁ గట్టించిన లేఖిని మాఱిన కార్సను ఒక్క పనివానిని బేరు పెట్టి పిలిచిన దృశ్యమైనఁ జూపలేదు. పేరెఱుఁగకపోవుట మొదటి తప్పయినప్పుడు, పేరడుగుటయే మొదటి ప్రాయశ్చిత్తము కావలసియుండెను. మేరీయు జెమ్మును గెనడాకు వెడలిపోవుదురు. నగరము వారి వెనుక నుండిపోవును.

ఈ లోపము నామెయే గుర్తించినదని ‘నార్త్ అండ్ సౌత్’ చదివినఁ దెలియును. డికెన్సు పత్రికలో 1854, 1855 సంవత్సరములందు వచ్చిన యా నవలలో హత్యయు లేదు, మరణశయ్యపైఁ గ్షమయు లేదు. సందేహములచేఁ జర్చిని విడిచిన పూర్వపు బోధకుఁడు హేల్, చర్చిని విడువని యతని కూఁతురు మార్గరెట్, దేవుని నమ్మని పనివాఁడు హిగ్గిన్సు, ఒక రాత్రి యొక్కచోట మోఁకరిల్లుదురు. హిగ్గిన్సు కూఁతురు ప్రత్తినుసి యూపిరితిత్తులఁ జేరి యానాఁడే చనిపోయెను. ప్రార్థనచే నెవరి మతమును మాఱలేదు. కాని హిగ్గిన్సు పిమ్మట మిల్లుదారుఁడగు థార్న్‌టను నొద్ద పనికిఁ జేరును. సమ్మెలో నెదురుపడినవా రిద్దఱు పేర్లు పెట్టి మాటలాడుకొందురు. పనివారికై మిల్లులో భోజనశాల యేర్పడును. యజమాని యప్పుడప్పు డందుఁ గూర్చుండి తినును. ఆ మిల్లు కొలఁదికాలమునకే దివాలా స్థితికి వచ్చును. నగరము మాఱలేదు, కూలి పెరుగలేదు. కార్సను పేరాలోఁ జెప్పి తప్పించుకొన్నదానిని గాస్కెల్ ఇచ్చట బల్లయు, పళ్లెమును, తిన్న మాంసమును జూపి చెప్పినది.