ఫైల్లో ఏం రాస్తారు మేడమ్?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో చాలా ఇళ్లకు సైకాలజీ అనే మాట సైకో టెస్టు రూపంలోనే తెలుసు. అసిస్టెంట్ లోకో పైలట్ రాతపరీక్షలు గట్టెక్కిన కుర్రాడు ఆ టెస్టు కూడా దాటాలి. దాటకపోతే అంతవరకూ చదివిందంతా గంగపాలే. అందుకని మనసు సంగతులు అడిగే మనిషంటే ఇక్కడివాళ్లకు ఉద్యోగం ఇప్పించగల మనిషి, ఊడగొట్టగల మనిషి కూడా. అలాంటి ఊళ్లో, పడకగది కష్టాలు చెప్పుకోవడానికి వచ్చేవాళ్లతో ఎలా మాట్లాడాలో కొత్త కౌన్సెలర్లకు నేర్పడం నా పనుల్లో ఒకటి.

శిక్షణ పుస్తకాల్లో మొదటి పాఠం సిగ్గు గురించి ఉంటుంది. మనవాళ్లకు సిగ్గెక్కువ, నోరు విప్పరు, ముందు ఆ బెరుకు పోగొట్టండి అంటాయి. ఈ మాట మీద నాకు రానురాను నమ్మకం పోయింది. అంత సిగ్గరులైతే స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం గారికి ఏళ్ల తరబడి అన్నన్ని ప్రశ్నలు రాసిందెవరు? ముంబయిలో డాక్టర్ మహీందర్ వత్స ఎనభై దాటాక, 2005లో దినపత్రికలో లైంగిక సందేహాల శీర్షిక మొదలుపెడితే దానికి ఉత్తరాలు పంపిందెవరు? ఊరూ పేరూ బయటపడవంటే మనవాళ్లు ఏదైనా అడుగుతారు. కౌన్సెలర్ ఎదుట కూర్చున్నప్పుడు మాత్రం లోపల ఒక లెక్క వేసుకుంటారు: ఈ మాట ఈ గది దాటితే నాకెంత నష్టం?

బిలాస్‌పూర్‌లో ఆ నష్టం తక్కువేం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1890 ప్రాంతంలో ఇక్కడికి పట్టాలు తెచ్చింది. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర పల్లెల నుంచి తెలుగువాళ్లు పనికి ఇక్కడికి రావడం ఇంకా సులువైంది. తాతల నాటి నుంచి ఒకే షెడ్డులో పనిచేసి, ఒకే వరస క్వార్టర్లలో కాపురాలు చేసిన కుటుంబాలివి. ఆసుపత్రిలో చీటీ రాసే అబ్బాయి పక్క క్వార్టరు పిన్నిగారి అల్లుడై ఉంటాడు. పొద్దున చెప్పుకున్న జబ్బు సాయంత్రానికి బుధవారీ బజార్లో కూరగాయల బేరం మధ్య మనకే ఎదురుపడుతుంది. అందుకే కొందరు చుట్టాలింట్లో పెళ్లని చెప్పి, కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వైజాగ్‌లో చూపించుకొస్తారు. (వైజాగ్‌లో మాత్రం చుట్టాలు ఉండరా అంటే ఉంటారు. కానీ అది పెద్ద ఊరు.) పైగా బండ్లు నడిపే రన్నింగ్ స్టాఫ్‌కు పీరియాడికల్ మెడికల్ పరీక్షల భయం ఒకటి. అందులో తేడా వస్తే డీకేటగరైజ్ చేసి బండి మీంచి దింపేస్తారు. మైలేజీ డబ్బులు పోతాయి, హోదా పోతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. ఎవరూ గుర్తుపట్టకుండా నలుగురైదుగురి కథలు కలిపి అల్లింది. కోర్బా బొగ్గు బండ్లు నడిపే నలభై అయిదేళ్ల ఆయన. నిద్ర పట్టడం లేదని వచ్చాడు. నిద్ర గురించే మాట్లాడి వెళ్లేవాడు. ఆయనతో మాట్లాడుతున్న ట్రైనీ కూడా నిద్ర దగ్గరే ఆగిపోయింది. చివరికి, "ఇంట్లో మీ ఇద్దరి మధ్యా ఎలా ఉంటోందండీ, దగ్గరవడంలో ఏమైనా ఇబ్బందా?" అని అడిగితే ఆయన తిరిగి అడిగిన మాట: "ఫైల్లో ఏం రాస్తారు మేడమ్?" రాసేదేమిటో చూపించాక మిగతాది బయటికొచ్చింది. కొంతకాలంగా అంగస్తంభన సరిగా లేదు. బీపీ మాత్రల వల్లేనని ఎవరో అంటే వాటిని మానేశాడు. ట్రాక్ పక్క గోడల మీద కనిపించే గుప్తరోగాల ప్రకటన చూసి, పేరు లేని పొట్లాలు కొనుక్కొచ్చి మింగుతున్నాడు.

అటెనొలాల్ లాంటి కొన్ని బీపీ మందులకు నిజంగానే ఆ గుణం ఉంది. డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్‌ల వల్ల కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం మామూలే. డాక్టరు మందు మార్చవచ్చు, మోతాదు సవరించవచ్చు. షుగరున్న మగవాడిలో అంగస్తంభన ఇబ్బంది గుండె రక్తనాళాల జబ్బుకు ముందస్తు సూచన కూడా కావచ్చు. అడగకపోతే ఇదంతా నిద్రలేమి ఖాతాలో పడిపోతుంది.

అడగడం ఎలాగో నేర్పడానికి నేను జాక్ ఆనన్ అనే సైకాలజిస్టు 1976లో చెప్పిన పద్ధతినే వాడతాను. నాలుగు మెట్లు: మాట్లాడవచ్చన్న అనుమతి ఇవ్వడం, అవసరమైనంత సమాచారం చెప్పడం, ఫలానాది చేసి చూడమనడం, చివరికి పూర్తిస్థాయి థెరపీ. ఎక్కువమందికి పై మెట్ల దాకా వెళ్లే పనే ఉండదని ఆయన వాదన. నా అనుభవమూ అదే. ట్రైనీలు మాత్రం మొదటి మెట్టు మీదే తడబడతారు. క్లాసులో ముగ్గురేసి కూర్చుంటారు: ఒకరు కౌన్సెలర్, ఒకరు క్లయింటు, మూడో మనిషి కౌన్సెలర్ మొహం మాత్రమే చూడాలి. మాటలన్నీ సరిగ్గానే వస్తాయి. కానీ ప్రశ్న వేయగానే కళ్లు కాగితం మీదికి వాలిపోతాయి, పెన్ను కదులుతుంది. అవతలి మనిషి చూసేది ఆ పెన్నునే. అందుకే నా క్లాసులో ఈ ప్రశ్న అడిగేటప్పుడు పెన్ను బల్ల మీద పెట్టి తీరాలి. ఆకలి, నిద్ర అడిగిన గొంతుతోనే ఇదీ అడగాలి. గొంతు తగ్గించి గుసగుసగా అడిగితే, ఇదేదో దాచుకోవలసిన విషయమని మనమే ఒప్పుకున్నట్టు.

ఆడవాళ్ల దగ్గర దారి వేరు. వాళ్లు తెల్లబట్ట, నడుం నొప్పి అంటూ వస్తారు. ఇన్‌ఫెక్షన్ ఉంటే డాక్టరు చూడాల్సిందే. కానీ గోవాలో విక్రమ్ పటేల్ బృందం పరిశోధనలో, తెల్లబట్ట ఫిర్యాదుకు ఇన్‌ఫెక్షన్ల కన్నా మనసులోని దిగులుతో, కాపురంలోని ఒత్తిడితో సంబంధం ఎక్కువని తేలింది. బిలాస్‌పూర్ జిల్లాలో ఇంకో బరువు కూడా ఉంది. 2014 నవంబరు 8న ఊరికి దగ్గర్లోనే, ఒక్క శిబిరంలో కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. డజనుకు పైగా తల్లులు చనిపోయారు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఆపరేషన్ అన్న మాటకు బెదిరేవాళ్లను తప్పుపట్టలేం. మళ్లీ గర్భం వస్తుందన్న భయంతో భర్తను దగ్గరకు రానివ్వని మనిషికి కోరిక లేదని ముద్రవేసే ముందు, ఆమె దేనికి భయపడుతోందో అడగాలి. సంభోగంలో నొప్పి ఉందా అని కూడా అడగాలి. నొప్పి సంగతి అడగకుండా కాపురాలు చక్కదిద్దే పెద్దమనుషులు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు.

ఈ మాటలు తొణక్కుండా అడిగేవాళ్లను చూడాలంటే ట్రైనీలను ప్రభుత్వాసుపత్రి హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలోని కౌన్సెలర్ల దగ్గరకు వెళ్లమంటాను. ఎవరితో, ఎలా, కండోమ్ వాడారా అని రోజూ అడగడం వాళ్ల పని. కౌన్సెలింగ్ డిప్లొమాలున్న మావాళ్లకన్నా వాళ్లకే ఈ విద్య బాగా వచ్చు. నేర్చుకునేందుకు హోదా అడ్డం కాదు. 2021లో మద్రాసు హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్ కలిసి బతకాలనుకున్న ఇద్దరమ్మాయిల కేసు విచారిస్తూ, స్వలింగ ప్రేమ సంగతి తనకు సరిగా తెలియదని ఒప్పుకుని సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకుని మరీ తీర్పు చెప్పారు.

ఇక ఫైలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. నేను నేర్పేది ఇంతే: చికిత్సకు అవసరమైనదే రాయండి, రాసింది అవతలి మనిషికి చదివి వినిపించండి, ఏవి దాచలేమో మొదటి రోజే చెప్పేయండి. పిల్లల మీద లైంగిక హింస సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. ప్రాణం మీదికొస్తుంటే ఊరుకోకూడదు.

దీని మీద క్లాసులో ఏటా గొడవే. మొన్న ఒకమ్మాయి నిలదీసింది: "ఆయన బీపీ మాత్రలు మానేసి బండి నడుపుతున్నాడు కదా మేడమ్, ఆఫీసుకు చెప్పొద్దా?" చట్టం కూడా ప్రజల భద్రత కోసం తలుపు కాస్త తెరిచే ఉంచింది, కాబట్టి ఆమె అడిగింది న్యాయమే. నేనైతే ముందు ఆయన్నే ఒప్పిస్తాను. అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లి, మందు మార్పించుకుని, బీపీ అదుపులోకి వచ్చేదాకా సెలవు పెట్టమంటాను. వినకపోతే ఆఫీసుకు చెప్పక తప్పదని ఆయన మొహం మీదే చెప్తాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఒకసారి ఆఫీసుకు ఫోను వెళ్లిందంటే ఆ షెడ్డు నుంచి ఇంకెవరూ మా గది తలుపు తట్టరని వెనక బెంచీ నుంచి ఇంకొకరు అందుకున్నారు. వచ్చే వారం క్లాసు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.