ప్రేక్షకుడి కాలం, ఆటగాడి కాలం

బేస్‌బాల్ గురించి అమెరికాలో వెలువడిన రచనల్లో ఒక చిన్న శాఖ ప్రత్యేకంగా కనిపిస్తుంది. వసంతంలో మొదలుపెట్టి ఆకురాలు కాలం దాకా ఆటలు చూస్తూ తిరిగిన అభిమాని, చూసినదాన్ని చూసినట్టు రాసిన పుస్తకాలు ఆ శాఖలోవి. ఆటగాళ్ళ ఆత్మకథలకూ, గణాంకాల గ్రంథాలకూ, మర్నాటి పత్రికలో వచ్చే వార్తకూ ఇవి దూరం. టికెట్టు కొనుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషే వీటిలో ప్రధాన పాత్ర. ఎవరు గెలిచారన్నది అతడికి ముఖ్యమే కానీ, ఆ సాయంత్రం ఎలా గడిచిందన్నది అంతకన్నా ముఖ్యం. ఈ శాఖలో ముందుగా చెప్పుకోవలసిన పేరు రోజర్ ఏంజెల్. ఆయన వ్యాసాల పక్కన డాన్ బేరీ రాసిన పుస్తకాన్ని పెట్టి చదివితే, అభిమాని చూపులో ఉన్న అందమూ ఆ చూపుకు అందకుండా పోయేదీ రెండూ తెలుస్తాయి.

ఏంజెల్ (1920–2022) వృత్తిరీత్యా క్రీడా విలేఖరి కాదు, న్యూయార్కర్ పత్రికలో కథల సంపాదకుడు. పత్రిక ప్రధాన సంపాదకుడు విలియం షాన్ ప్రోత్సాహంతో 1962 వసంతంలో ఫ్లోరిడా వెళ్ళి, సీజన్‌కు ముందు జరిగే సన్నాహక ఆటలు చూసి వచ్చారు. పత్రికలవారికి కేటాయించిన చోటు వదిలి ప్రేక్షకుల మధ్య కూర్చున్నారు. అందువల్ల ఆ మొదటి వ్యాసంలో ఆటగాళ్ళతో పాటు, ఎండలో కూర్చుని ఆట చూసే వృద్ధులకూ పెద్దపీట దొరికింది. ఆ పైన పదేళ్ళ పాటు రాసిన వ్యాసాలు 1972లో ‘ద సమ్మర్ గేమ్’ అన్న పుస్తకంగా వచ్చాయి.

ఆ పుస్తకంలో గుర్తుండిపోయే ఘట్టాల్లో ఒకటి న్యూయార్క్ మెట్స్ జట్టుకు సంబంధించినది. 1962లో కొత్తగా ఏర్పడిన ఆ జట్టు 40 ఆటలు గెలిచి 120 ఓడింది. అయినా పోలో గ్రౌండ్స్‌కు జనం వచ్చారు, గొంతులు పోయేలా అరిచారు. అదే ఊళ్ళో యాంకీస్ లాంటి విజేతలుండగా ఈ ఓడిపోయే జట్టుకు ఇంత అభిమానమెందుకన్నది ఏంజెల్ ప్రశ్న. ఎప్పుడూ గెలిచేవాళ్ళను మెచ్చుకోవచ్చు గానీ, పొద్దస్తమానం తడబడి ఎప్పుడో ఒకసారి నెగ్గేవాళ్ళలో తమను తాము చూసుకోవడం జనానికి తేలికన్నది ఆయన చెప్పిన సమాధానం. మైదానం అంచున నిలబడ్డ విలేఖరికి తట్టే ఆలోచన కాదిది. అరుస్తున్నవాళ్ళ మధ్య కూర్చుంటేనే తడుతుంది.

ఏంజెల్ పద్ధతికి మూలం అభిమాని ఒళ్ళో ఉండే స్కోర్‌కార్డు. ఈ ఆటకు స్కోరు రాసే పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్‌లో పుట్టి, చిన్నతనంలోనే బ్రూక్లిన్ చేరి, క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్‌కు మళ్ళిన మనిషి ఆయన. క్రికెట్ స్కోరు పట్టికతో పెరిగిన తెలుగు పాఠకుడికి బేస్‌బాల్ బాక్స్ స్కోరు దూరపు చుట్టంలా తోచడానికి కారణం ఇదే. మైదానంలో నిలబడే తొమ్మిది స్థానాలకూ 1 నుంచి 9 దాకా అంకెలుంటాయి. పిచర్ 1, క్యాచర్ 2, ఇలా రైట్ ఫీల్డర్ 9 వరకు. కార్డు మీద 6-4-3 అని ఉంటే, షార్ట్‌స్టాప్ బంతిని ఆపి సెకండ్ బేస్‌మన్‌కు విసిరాడనీ, అక్కడినుంచి అది ఫస్ట్ బేస్ చేరిందనీ, ఇద్దరు అవుటయ్యారనీ అర్థం. ఇరవయ్యేళ్ళ తర్వాత కార్డు తెరిచినా ఆ ఆట మొత్తం మళ్ళీ కళ్ళముందు కదులుతుంది.

‘ద సమ్మర్ గేమ్’ను ముగించే వ్యాసం ‘ది ఇంటీరియర్ స్టేడియం’. కార్డును మడిచి దాచుకున్నట్టే అభిమాని ఆటను మనసులో దాచుకుంటాడనీ, అక్కడ కావలసినప్పుడు మళ్ళీ ఆడించుకుంటాడనీ అందులోని ప్రతిపాదన. దానికి ఆధారంగా ఏంజెల్ ఆట స్వభావాన్నే చూపిస్తారు. ఫుట్‌బాల్‌లా, బాస్కెట్‌బాల్‌లా బేస్‌బాల్‌ను గడియారం పాలించదు. దాని కాలాన్ని కొలిచేవి అవుట్లు. బ్యాటర్లు బంతిని కొడుతూనే ఉంటే ఆట ముగియదు, కాలం అక్కడే ఆగిపోతుంది. క్రికెట్ ఎరిగినవారికి ఇది కొత్త ఊహ కాదు. 1939లో డర్బన్‌లో దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ జట్లు గడువు లేని టెస్టు ఆడాయి. ఇంగ్లండ్ గెలుపుకు మరో 42 పరుగులు కావలసి ఉండగా, ఇంటికి వెళ్ళే ఓడ తప్పిపోతుందని పదో రోజున ఆపేశారు.

ఏంజెల్ ఊహగా చెప్పిన ముగియని ఆట పదేళ్ళ తర్వాత దాదాపు నిజంగానే జరిగింది. అదీ మేజర్ లీగ్‌లో కాదు, రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ అనే మిల్లుల ఊళ్ళో. 1981 ఏప్రిల్ 18, ఈస్టర్ ముందటి శనివారం రాత్రి, మెకాయ్ స్టేడియంలో పాటకెట్ రెడ్ సాక్స్, రాచెస్టర్ రెడ్ వింగ్స్ తలపడ్డాయి. రెండూ ట్రిపుల్-ఏ జట్లు, అంటే మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉన్నవి. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసేసరికి స్కోరు 1-1. ఇరవై ఒకటో ఇన్నింగ్స్‌లో రాచెస్టర్ ఒక పరుగు చేస్తే పాటకెట్ కూడా ఒకటి చేసి సమం చేసింది. రాత్రి ఒక వేళ దాటాక కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టరాదన్న నియమం ఆ సంవత్సరం అంపైర్ల చేతిలోని పుస్తకంలో లేకపోయింది. చలిగాలికి తట్టుకోలేక ఆటగాళ్ళు విరిగిన బ్యాట్లతో మంట వేసుకున్నారు. లీగ్ అధ్యక్షుడు ఫోనులో దొరికి ఆపమన్నాక, తెల్లవారుజామున 4:07కి, 32 ఇన్నింగ్స్ తర్వాత 2-2 దగ్గర ఆట నిలిచింది. వచ్చిన 1,740 మందిలో అప్పటికి మిగిలింది 19 మంది. జూన్ 23న మిగిలిన ఆటను 33వ ఇన్నింగ్స్‌తో మొదలుపెడితే 18 నిమిషాల్లో తేలిపోయింది. డేవ్ కోజా కొట్టిన బంతికి మార్టీ బ్యారెట్ పరుగు పూర్తిచేశాడు. పాటకెట్ 3-2తో గెలిచింది.

2011లో వచ్చిన ‘బాటమ్ ఆఫ్ ద థర్టీ-థర్డ్’లో న్యూయార్క్ టైమ్స్ రచయిత డాన్ బేరీ ఈ ఒక్క ఆటనే తీసుకున్నారు. ఏంజెల్ ఒక సీజన్‌ను వ్యాసంలోకి కుదిస్తే, బేరీ ఒక రాత్రిని పుస్తకంగా విప్పారు. ఆయన అడిగే ప్రశ్న చివరిదాకా ఎందుకు ఉండిపోయారన్నదే. ప్రేక్షకులనూ ఆటగాళ్ళనూ పక్కపక్కన నిలబెట్టి ఆ ప్రశ్న అడగడం వల్ల రెండు జవాబులు వస్తాయి. ఆ 19 మందీ కోరి ఉండిపోయారు. లేచి వెళ్ళాలనుకుంటే వెళ్ళవచ్చు, వెళ్ళనందుకే వాళ్ళకు జీవితాంతం చెప్పుకునే కథ మిగిలింది. ఆటగాళ్ళకు ఆ వీలు లేదు. పైనుంచి పిలుపు రావాలంటే తెల్లవారే దాకానైనా నిలబడి ఆడాలి.

ఆ రాత్రి ఆడినవారిలో ఇద్దరు తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు, పాటకెట్ నుంచి వేడ్ బాగ్స్, రాచెస్టర్ నుంచి కాల్ రిప్కెన్. తక్కిన మైనర్ లీగ్ కథలు చాలావరకు ఇలాంటి పేర్లనే వెలిగించి తృప్తిపడతాయి. బేరీ పుస్తకం బరువు మాత్రం కోజా మీద ఉంది. ఆటను గెలిపించిన దెబ్బ అతడిదే, కానీ మేజర్ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడకుండానే అతడి ఆట ముగిసింది. ఆగిపోయిన కాలం ప్రేక్షకుడికి వరంలా తోచిన రాత్రే, ఇరవయ్యో పడిలో ఉన్న ఆటగాడికి ఆ కాలమే కరిగిపోతోంది. ఏంజెల్ సిద్ధాంతాన్ని బేరీ ఎక్కడా ఖండించలేదు. కానీ అది ఎవరి కాలమన్న ప్రశ్న ఆయన పుస్తకం చదివాక తప్పించుకోవడం కష్టం.

ఏంజెల్‌కు ఓటమి తెలియదనడం అన్యాయం. మెట్స్ గురించి ఆయన రాసినదే అందుకు సాక్ష్యం. పిట్స్‌బర్గ్ పిచర్ స్టీవ్ బ్లాస్ గురించి 1975లో రాసిన వ్యాసం అంతకన్నా లోతైనది. 1971 వరల్డ్ సిరీస్‌లో రెండు ఆటలు గెలిపించిన బ్లాస్, రెండేళ్ళు తిరగకుండానే బంతిని గురిలో వేయలేకపోయాడు. చేతికి దెబ్బ లేదు, కారణం ఎవరికీ అంతుపట్టలేదు. ఆ విషాదాన్ని ఏంజెల్ ఎంతో మర్యాదగా రాశారు. అయితే బ్లాస్ శిఖరం చేరి జారినవాడు. కొండ పాదం దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఏంజెల్ కుర్చీలోంచి అంతగా కనబడరు. ఈ లోపం ఆయన దృష్టిది కాదు, ఆయన ఎంచుకున్న చోటుది. మేజర్ లీగ్ స్టేడియంలో కూర్చున్నవాడికి కింది మెట్లు కనిపించవు.

ఆ మెట్ల మీద బతుకు ఎలా ఉండేదో అంకెలు చెబుతాయి. మైనర్ లీగ్ ఆటగాళ్ళకు కనీస వేతన, అదనపు పనివేళల రక్షణలు చాలావరకు దక్కకుండా చేసిన చట్టం 2018లో వచ్చింది. దానికి పెట్టిన పేరు ‘సేవ్ అమెరికాస్ పాస్‌టైమ్ యాక్ట్’, ఈ దేశపు కాలక్షేపాన్ని కాపాడే చట్టమని. ఎవరి కాలక్షేపమన్న ప్రశ్న ఇక్కడా నిలుస్తుంది. 2021లో మేజర్ లీగ్ అనుబంధ జట్లను 160 నుంచి 120కి తగ్గించింది. 2022లో మైనర్ లీగ్ ఆటగాళ్ళు మేజర్ లీగ్ ఆటగాళ్ళ సంఘంలో చేరి, 2023లో మొదటి సమష్టి ఒప్పందం సాధించారు. దానితో సింగిల్-ఏ ఆటగాడి కనీస వార్షిక వేతనం 11,000 డాలర్ల నుంచి 26,200కి, ట్రిపుల్-ఏలో 17,500 నుంచి 35,800కి పెరిగింది. అదే ఏడు మేజర్ లీగ్ కనీస వేతనం 7,20,000 డాలర్లు. ఒక్క మెట్టు తేడా ఎంతటిదో ఈ రెండు అంకెల మధ్య ఉంది.

అందుకే ఒకే వేసవిలో రెండు రకాల ఆటలూ చూసే అభిమాని సీజన్‌కు విలువ ఎక్కువ. ఇందుకు దూరం పోనక్కరలేదు. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన డాలస్ శివారు ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ అనే డబుల్-ఏ జట్టు ఆడుతుంది. ఆ జట్టు పైకి పంపే ఆటగాళ్ళు చేరవలసిన టెక్సస్ రేంజర్స్ అదే మహానగరంలోని ఆర్లింగ్టన్‌లో ఆడుతుంది. 2023 సీజన్‌లో ఎక్కువ భాగం ఫ్రిస్కోలో ఆడిన ఇవాన్ కార్టర్ సెప్టెంబరులో రేంజర్స్‌లో చేరి, కొద్ది వారాల్లోనే వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో నిలిచాడు. ఆర్లింగ్టన్‌లో మాత్రమే చూసినవారికి అది ఒక యువకుడి అద్భుతం. ఫ్రిస్కోలో కూడా చూసినవారికి అతడితో పాటు ఆడి అక్కడే మిగిలినవాళ్ళు కూడా గుర్తొస్తారు. తన చేతిలో లేని పిలుపు కోసం వరుసలో ఏళ్ళ తరబడి నిలబడడమంటే ఏమిటో వీసా కాగితాల మీద బతికిన పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ గడియారం లేని ఆట కూడా లేదు. మైనర్ లీగుల్లో ప్రయోగించి చూశాక, 2023లో మేజర్ లీగ్ పిచర్లకు గడువు పెట్టింది. ఆ ఏడు అది బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, మనుషులుంటే 20గా ఉండేది. తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటు వ్యవధి మూడు గంటల పైనుంచి దాదాపు రెండు గంటల 40 నిమిషాలకు దిగింది. అదనపు ఇన్నింగ్స్‌ను సెకండ్ బేస్ మీద ఒక ఆటగాణ్ణి నిలబెట్టి మొదలుపెట్టే నియమం కూడా మొదట మైనర్ లీగుల్లో వచ్చినదే. ఇక 33 ఇన్నింగ్స్ ఆటను ఊహించడం కష్టం. ఏంజెల్ 2022 మే నెలలో, 101 ఏళ్ళ వయసులో కన్నుమూశారు, గడియారం మైదానంలోకి వచ్చింది ఆ మరుసటి ఏడే. ఏంజెల్‌ను ప్రేమించిన పాఠకులు దీన్ని నష్టంగానే లెక్కిస్తారు. బేరీని కూడా చదివినవారు ఆ లెక్కలో ఆ రాత్రి చలిలో నిలబడ్డ ఆటగాళ్ళను కూడా కలుపుకోవలసి ఉంటుంది.

మెకాయ్ స్టేడియంలో ఆటగాళ్ళు కూర్చునే చోటు ప్రేక్షకుల కాళ్ళ కింద, మైదానమంత ఎత్తులోనే ఉండేది. సంతకాలు కావలసిన పిల్లలు పాల డబ్బాను కోసి, బంతినీ కలాన్నీ అందులో వేసి, తాడు కట్టి కిందికి వదిలేవారు. కింద ఎవరున్నారో పైవారికి కనిపించేది కాదు. కాబోయే బాగ్స్ కావచ్చు, ఎప్పటికీ పైకి వెళ్ళని కోజా కావచ్చు. డబ్బా పైకి లాగాక సంతకం ఎవరిదో కూడబలుక్కుని చదువుకునేవారు. కోవిడ్ వల్ల 2020 మైనర్ లీగ్ సీజన్ మొత్తం రద్దు కావడంతో అక్కడ వీడ్కోలు ఆట కూడా జరగలేదు. 2021లో జట్టు మసాచుసెట్స్‌లోని వుస్టర్‌కు తరలిపోయింది. పాటకెట్ అభిమానుల ఇళ్ళలో మిగిలిన బంతుల మీద హాల్ ఆఫ్ ఫేమ్ పేర్ల కన్నా, ఎవరూ గుర్తుపట్టని పేర్లే ఎక్కువ ఉండి ఉంటాయి.