వెక్కిరించిన భాషలో తుఫాను

‘తుఫాన్’ అనగానే మన తుఫాను గుర్తొచ్చిందా? అదేనండీ! షేక్స్పియర్ ‘టెంపెస్ట్’ను తిరగరాసి, మారిషస్ రచయిత దేవ్ విరాసామి 1991లో వెలువరించిన నాటకమిది. పేరు హిందీ, భాష మాత్రం ఆ దీవి క్రియోల్.

18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్ళు మడగాస్కర్, తూర్పు ఆఫ్రికాల నుంచి బానిసల్ని అక్కడికి తెచ్చారు. ఒకరి మాట ఒకరికి రాదు. దొరల ఫ్రెంచి ముక్కలు ఏరుకుని పని గడుపుకున్నారు. తరాలు మారేసరికి, పిల్లల నోట ఆ ముక్కలే అమ్మభాష అయ్యాయి. ‘మో మాంజే’ అంటే తింటాను. మధ్యలో ‘తి’ చేరిస్తే తిన్నాను, ‘పు’ చేరిస్తే తినబోతాను. ఇంత పొందికైనదాన్ని విరిగిన ఫ్రెంచి అని వెక్కిరించడం ఏం న్యాయం?

షేక్స్పియర్ కాలిబన్‌కు దొర నేర్పిన భాష తిట్టుకోడానికే పనికొచ్చింది. ఇక్కడి కాలిబన్ తెలివైన పనివాడు. ప్రాస్పెరో కూతురు కోర్డీలియా మనసిచ్చింది అతనికే. లియర్, ఇయాగోలు కూడా వచ్చిపడి వేదిక కాస్త ఇరుకయిందనిపించింది నాకు. అయితేనేం, సొంత భాషలో కాలిబన్ తలెత్తుకు నిలబడ్డాడు.

2012లో క్రియోల్ బడిలో పాఠమూ అయింది. మన వంటింటి మాట విని “అదీ ఒక భాషేనా?” అనే పెద్దమనుషులకు ఈ నాటకం చదివి వినిపించాలి!